ఇంగ్లండ్ పల్లె చర్చిలో పూల పండుగ: ఆరాధనా, ప్రదర్శనా, పైకప్పు చందానా?

మే నెల మొదటి సోమవారం ఇంగ్లండ్‌లో బ్యాంకు సెలవు. శని, ఆదివారాలతో కలిసి వచ్చే ఆ మూడు రోజుల్లో లింకన్‌షైర్ దక్షిణ భాగంలోని పల్లెదారుల వెంట వెళితే, ఊరి మలుపుల దగ్గర కంచెలకు కట్టిన బ్యానర్లు కనిపిస్తాయి. చర్చిలో పూల పండుగ అని, అందరూ రావచ్చని, టీ, కేకు ఉంటాయని వాటిమీద రాసి ఉంటుంది. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, చదువుకోవడానికి వెళ్లిన పిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు ఆ బ్యానరు చూడగానే వరుసగా సందేహాలు వస్తాయి. ఇది క్రైస్తవుల పండుగ అయితే ఇతర మతాలవారు లోపలికి వెళ్లవచ్చా? లోపల ప్రార్థన జరుగుతూ ఉంటుందా, లేక అది పూల ప్రదర్శన మాత్రమేనా? చెప్పులు విప్పాలా, టికెట్టు కొనాలా? వీటన్నిటికంటే పెద్ద సందేహం మరొకటి ఉంది. దేశపు అధికారిక మతసంస్థకు చెందిన, ఏడెనిమిది వందల ఏళ్ల నాటి కట్టడాన్ని నిలబెట్టుకోవడానికి ఊళ్లోవాళ్లు టీ, కేకులు అమ్ముకోవలసిన అవసరం ఏమొచ్చింది?

చిన్న సందేహాలకు చిన్న జవాబులే ఉన్నాయి. ఎవరైనా వెళ్లవచ్చు, చెప్పులు విప్పనక్కరలేదు, సాధారణంగా టికెట్టు ఉండదు, గుమ్మం దగ్గర విరాళాల పెట్టె మాత్రం ఉంటుంది. టికెట్టుకు బదులు పెట్టె ఎందుకు ఉందన్న దానికి మాత్రం కారణం ఉంది. అది తెలియాలంటే ఆ చర్చి ఎవరిదో, దాన్ని బాగుచేయించే బాధ్యత ఎవరి నెత్తిన ఉందో ముందు తెలియాలి.

పేరులో పండుగ ఉన్నా పంచాంగంలో లేదు

క్రైస్తవ సంవత్సరంలో క్రిస్మస్, ఈస్టర్, ఆరోహణ దినం, పెంతెకొస్తు వంటి పండుగలకు నిర్ణీత స్థానం ఉంది. పూల పండుగ వాటిలో లేదు. ఏ ఊరి చర్చి ఆ ఊరికి అనువైన తేదీ పెట్టుకుంటుంది. ఒక ఏడాది జరిపి మరుసటి ఏడాది మానేసినా తప్పు పట్టేవారు ఉండరు. చర్చి ఆచారం పరోక్షంగా పెట్టే హద్దు ఒకటి మాత్రం ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలంలో చాలా ఆంగ్లికన్ చర్చిల్లో, అంటే ఇంగ్లండ్ అధికారిక సంఘపు సంప్రదాయానికి చెందిన చర్చిల్లో, పూలు పెట్టరు. ఆ మధ్యలో వచ్చే తల్లుల ఆదివారం ఒక్కటే మినహాయింపు, ఆ రోజు చిన్న చిన్న పూలగుత్తులు కట్టి తల్లులకు ఇస్తారు. ఆ కారణంగానూ, తోటల్లో పూలు విరివిగా దొరికే కాలం అదే కావడం వల్లనూ ఈ పండుగలు ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు మధ్య జరుగుతాయి.

పూలతో ముడిపడిన వేరే వేడుకలు కూడా అక్కడ ఉండటం వల్ల గందరగోళం పెరుగుతుంది. డెర్బీషైర్‌లోని టిస్సింగ్టన్ ఊళ్లో ఆరోహణ దినాన బావులను అలంకరిస్తారు. చెక్క పలకల మీద తడి బంకమట్టి పరిచి, అందులో ఒక్కొక్క పూరేకును గుచ్చి బొమ్మలు తీర్చి, ఆ బావులను ఆశీర్వదిస్తారు. ససెక్స్‌లోని అరండెల్ క్యాథలిక్ కథీడ్రల్‌లో 1877 నుంచి, క్రీస్తు దివ్యశరీర పండుగనాడు నడిమి దారి పొడవునా పూల తివాచీ పరుస్తున్నారు. దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా విశ్వసించే రొట్టెను చేతపట్టుకున్న గురువు ఊరేగింపుగా ఆ పూల మీదనే నడుస్తారు. అక్కడ పూలు ఆరాధనలో భాగం, తొక్కడానికే పరిచినవి. పల్లె చర్చి పూల పండుగ ఈ రెండింటి కోవకూ చెందదు. కొన్నిరోజులపాటు చర్చి మొత్తాన్ని ఒక ఇతివృత్తం ప్రకారం పూలతో అలంకరించి, జనాన్ని పిలిచి చూపించి, వచ్చిన డబ్బును కట్టడం నిర్వహణకు వాడుకోవడం దీని స్వరూపం. ఆ మూడు రోజుల్లో ఆదివారం మామూలు ఆరాధన జరుగుతుంది, చివరి సాయంత్రం కీర్తనల కూడిక కూడా తరచుగా ఉంటుంది. మిగిలిన సమయమంతా తలుపు తెరిచే ఉంటుంది.

ఒకప్పుడు పూలకుండీ కూడా కోర్టుకెక్కింది

చర్చిలో పూలు ఉండటం ఇప్పుడు సహజంగా కనిపిస్తుంది కాని, చరిత్ర అంత నున్నగా లేదు. లండన్‌లోని సెయింట్ మేరీ ఎట్ హిల్ చర్చి పదిహేనవ శతాబ్దపు జమాఖర్చుల్లో పండుగ రోజులకు గులాబీ దండలు కొన్న పద్దులు ఉన్నాయి. పదహారో శతాబ్దపు మతసంస్కరణతో ఊరేగింపులు, దండలు, దీపాలు చాలావరకు వెళ్లిపోయాయి. చర్చిని ఆడంబరాల నుంచి శుద్ధిచేయాలనుకున్న, ఆ తర్వాతి శతాబ్దపు ప్యూరిటన్లకు అలంకారమంటేనే అనుమానం. క్రిస్మస్‌కు పెట్టే పచ్చని ఆకుల కొమ్మలు మాత్రం చాలాచోట్ల మిగిలాయి.

పందొమ్మిదో శతాబ్దంలో, పాత క్యాథలిక్ సంప్రదాయాల అందాన్ని తిరిగి తేవాలనుకున్న ఆంగ్లికన్ గురువులు బలిపీఠం మీద మళ్లీ పూలు పెట్టడం మొదలుపెట్టారు. ఇది రోమ్ వైపు తిరిగి నడవడమేనని మరో వర్గం మండిపడింది. బ్రైటన్‌లో జాన్ పర్చస్ అనే గురువు మీద నడిచిన వ్యాజ్యంలో ప్రత్యేక వస్త్రాలు, ధూపం వంటి అభియోగాలతో పాటు పూలకుండీలు కూడా చేరాయి. 1870లో తీర్పు చెప్పిన సర్ రాబర్ట్ ఫిల్లిమోర్ పూలకుండీలు చట్టవిరుద్ధం కావని తేల్చారు. మరుసటి ఏడాది పై న్యాయస్థానం ఆ తీర్పులోని ఇతర అంశాలను తిరగరాసింది గాని, పూలు మాత్రం బయటపడ్డాయి.

దాదాపు అదే కాలంలో మరో పాయ మొదలైంది. కార్న్‌వాల్‌లోని మార్వెన్‌స్టో గ్రామ గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ 1843లో పంట ఇంటికి వచ్చినందుకు కృతజ్ఞతగా ఒక ఆరాధన ఏర్పాటు చేశారు. ఇప్పటి కోత పండుగ రూపం అక్కడినుంచే వ్యాపించిందని సాధారణంగా చెబుతారు. తెలుగు పాఠకులకు ఈ పాయ పరాయిది కాదు. మిషనరీల ద్వారా అది మన ఊళ్లకు వచ్చింది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య పనిచేసిన దోర్నకల్ ప్రాంతంలోనూ, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందిన ఇతర చర్చిల్లోనూ కోత పండుగ రోజున గుమ్మడికాయలు, బియ్యం, కోళ్లు తెచ్చి సమర్పించి, ఆరాధన కాగానే వేలం వేయడం నేటికీ చూస్తాం. చర్చిని అలంకరించడం, ఆ అలంకరణను చర్చికి ఆదాయంగా మార్చడం అన్న జంట ఆలోచన ఆ వేలంలో తేటగా కనిపిస్తుంది. పూల పండుగలోనూ అదే ఉంది, కాకపోతే టీ కప్పు చాటున ఉంటుంది.

ఇప్పుడు మనం చూస్తున్న రూపం మాత్రం ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో ఊపందుకుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో పూల అలంకరణ క్లబ్బులు పుట్టగొడుగుల్లా వెలిశాయి. 1953 పట్టాభిషేకపు పూల ఏర్పాట్లలో పాలుపంచుకున్న కాన్‌స్టన్స్ స్ప్రై వంటివారు అలంకరణను ఒక కళగా ఇంటింటికీ చేర్చారు. ఆ క్లబ్బులన్నీ కలిసి 1959లో ఒక జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. నేర్చుకున్న విద్యను చూపించుకోవడానికి పెద్ద చోటు కావలసిన క్లబ్బులకు చర్చి దొరికింది, డబ్బు కావలసిన చర్చికి క్లబ్బు దొరికింది.

చిన్న ఊరు, పెద్ద చర్చి

స్పాల్డింగ్ పట్టణం చుట్టూ ఉన్న ఫెన్స్ ప్రాంతం ఒకప్పుడు సముద్రపు అంచున చిత్తడి నేల. మధ్యయుగంలో గట్లు కట్టి నీరు తోడి సాధించిన ఒండ్రుమట్టి అది. ఉప్పు తయారీ, గొర్రెల మేత, మంచి పంటలు కలిసి ఆ పల్లెలకు ఎంత సంపద ఇచ్చాయో వాటి చర్చిలను చూస్తే తెలుస్తుంది. గెడ్నీలోని సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి దగ్గర నిలబడితే చుట్టూ మైళ్లకొద్దీ చదునైన పొలాలు, నడుమ ఒక చిన్న ఊరు, ఆ ఊరికి ఏమాత్రం పొంతన లేనంత పెద్ద రాతి గోపురం కనిపిస్తాయి. దాని దక్షిణపు తలుపు తాళం మీద జాన్ పెట్ అనే వ్యక్తి పేరుతో, ముందే జాగ్రత్తపడమని పాత ఇంగ్లీషులో చెక్కిన హెచ్చరిక ఉంది. ఆయన ఏ ప్రమాదాన్ని తలచుకుని చెక్కించాడో గాని, ఆ తలుపు దాటి లోపలికి వెళ్లే నేటి మరమ్మతు కాంట్రాక్టరుకు కూడా అది సరిపోతుంది.

సంపద వెళ్లిపోయింది, జనాభా చెదిరింది, కట్టడం మిగిలింది. ఇంగ్లండ్ చర్చికి దేశంలో సుమారు 16,000 ఆరాధనా మందిరాలు ఉన్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా చట్టపరంగా రక్షిత కట్టడాలు. రక్షిత కట్టడాలను మూడు తరగతులుగా విభజిస్తారు. అత్యున్నతమైన మొదటి తరగతికి చెందినవి దేశం మొత్తం మీద రెండున్నర శాతమే కాగా, ఆ మొదటి తరగతి కట్టడాల్లో దాదాపు 45 శాతం ఇంగ్లండ్ చర్చివే. రాజభవనాలు, కోటలు, ప్రభువుల మేడలు అన్నీ మిగిలిన సగంలో సర్దుకోవాలి. గెడ్నీ చర్చి ఆ మొదటి తరగతిలోనిదే.

ఈ ప్రాంతానికి పూలతో ఉన్న సంబంధం చర్చి వల్ల వచ్చింది కాదు. ఆ ఒండ్రునేలలో ఒకప్పుడు దుంపల కోసం ట్యులిప్ సాగు విరివిగా చేసేవారు. దుంప బలంగా ఊరాలంటే పూలు విచ్చిన కొద్దిరోజులకే తలలు తుంచేయాలి. తుంచేలోపు ఎకరాలకొద్దీ రంగులు పరుచుకునేవి. 1935లో అయిదో జార్జి రజతోత్సవ సంవత్సరాన ఆ పొలాలను చూడటానికి వచ్చిన జనంతో దారులు స్తంభించాయి. ఆ తాకిడి చివరికి, తుంచిపారేసే తలలతోనే శకటాలు అలంకరించి స్పాల్డింగ్ వీధుల్లో ఊరేగించే ఉత్సవంగా 1959లో రూపుదిద్దుకుంది. 2013 తర్వాత ఆగిపోయిన ఆ ఊరేగింపు 2023లో మళ్లీ మొదలైంది. ఊరేగింపు చూడవచ్చిన జనం చుట్టుపక్కల పల్లెలకూ వచ్చేవారు గనుక అక్కడి చర్చిలు అదే వారాంతానికి తమ పూల పండుగలు పెట్టుకోవడం ఆనవాయితీ అయింది.

చర్చి ఎవరిది, మరమ్మతు ఎవరిది?

ఇంగ్లండ్ చర్చి ఆ దేశపు అధికారిక సంఘం, రాజు దాని పరిపాలకుడు, బిషప్పులు కొందరు ప్రభువుల సభలో కూర్చుంటారు. ఇవన్నీ విన్న తెలుగువారు మన దేవాదాయ శాఖ లాంటిది ఏదో అక్కడా ఉండి ఉంటుందని, హుండీ లెక్కలు, జీతాలు, మరమ్మతులు అదే చూసుకుంటుందని అనుకుంటారు. అలాంటి శాఖ ఏదీ లేదు. ఊరి చర్చి నిత్యనిర్వహణకు ప్రభుత్వ ఖజానా నుంచి నేరుగా డబ్బు రాదు.

ఒకప్పుడు ఊరివాళ్లందరి దగ్గరా చర్చి పన్ను వసూలు చేసేవారు. వేరే సంఘాలకు చెందినవారు, మా ప్రార్థన వేరైనప్పుడు మీ పైకప్పుకు మేమెందుకు కట్టాలని దశాబ్దాలపాటు పోరాడగా, 1868లో ఆ పన్ను నిర్బంధం కాకుండా పోయింది. 1921 నాటి చట్టంతో మరమ్మతుల బాధ్యత పారిష్ కౌన్సిల్ చేతికి వచ్చింది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం, ఆ కౌన్సిల్ అంటే సంఘసభ్యులు ఏటా ఎన్నుకునే కమిటీ. పల్లెల్లో అది పదిమంది లోపు ఉండటం, సగటు వయసు ఎక్కువగా ఉండటం మామూలే. అలాంటి కమిటీ, జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడానికి పూచీపడుతోంది. 1955 నాటి చర్చి చట్టంతో మొదలైన పద్ధతి ప్రకారం ప్రతి అయిదేళ్లకూ ఆర్కిటెక్టు గాని సర్వేయరు గాని కట్టడాన్ని పరీక్షించి, వెంటనే చేయవలసినవి, కొంతకాలం ఆగగలిగేవి అంటూ జాబితా ఇస్తారు.

ఇందులో ఒక మధ్యయుగపు మెలిక ఇప్పటికీ ఉంది. జనం కూర్చునే నడిమి భాగాన్ని ఊరివాళ్లు, బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని దశమభాగాలు, అంటే ఊరి పంటలో పదోవంతు అనుభవించే గురువు బాగుచేయించాలన్నది పాత కట్టుబాటు. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేసినప్పుడు, చాలాచోట్ల ఆ మఠాల చేతిలో ఉన్న ఆ హక్కులు, వాటితో పాటు ఆ బాధ్యతలు కూడా ప్రైవేటు భూములకు అంటుకుపోయాయి. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో గ్రామంలో అలాంటి భూమి ఉన్న ఒక దంపతులను తూర్పు భాగపు మరమ్మతుకు దాదాపు 95,000 పౌండ్లు అడిగారు. వ్యాజ్యం ప్రభువుల సభ దాకా వెళ్లింది, 2003లో దంపతులు ఓడిపోయారు. ఆ తర్వాత ఇలాంటి బాధ్యత భూమి రిజిస్టరులో నమోదైతే తప్ప, 2013 అక్టోబరు తర్వాత కొత్తగా కొనుక్కున్నవారికి అంటదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఇరుగుపొరుగు మీద దావా వేసి ఊళ్లో ముఖం ఎలా చూపించాలన్న జంకు కమిటీలకు ఎప్పుడూ ఉంటుంది గనుక, దానికంటే పూల పండుగే తేలికని చాలామంది అనుకోవడంలో వింత లేదు.

మరి ఇంగ్లండ్ చర్చికి 1,000 కోట్ల పౌండ్లకు పైగా మూలనిధి ఉందని పత్రికల్లో వస్తుంది కదా? ఆ నిధి ఉన్నమాట నిజం. దాన్ని చర్చి కమిషనర్లు అనే జాతీయ సంస్థ నిర్వహిస్తుంది. 1998కి ముందు చేసిన సేవకు గురువుల పింఛన్లు, బిషప్పుల ఖర్చులు, పేద ప్రాంతాల సంఘాలకు సహాయం వంటివి దానిలోంచి వెళతాయి. పల్లె చర్చిల కట్టడాలు ఆ సంస్థ ఆస్తి కావు. అంత డబ్బు పెట్టుకుని పల్లె పైకప్పులు కారుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏమిటని విమర్శకులు అడుగుతారు. మూలనిధిని రాళ్ల మీద, రేకుల మీద ఖర్చుచేస్తే మనుషులకు, సేవకు మిగలదని సమర్థించేవారు అంటారు. పైగా కింది నుంచి పైకి కూడా డబ్బు వెళుతుంది. గురువుల జీతభత్యాల కోసం ప్రతి పారిష్ తన వాటా డయోసిస్‌కు, అంటే ఒక బిషప్పు కిందికి వచ్చే ప్రాంతపు పాలనకు పంపాలని ఆశిస్తారు. పూల పండుగ డబ్బు పైకప్పుకు కాక ఈ వాటాకు పోతే ఊళ్లో గొణుగుడు మొదలవుతుంది. అందుకే ఏ పనికి వసూలు చేస్తున్నారో గుమ్మం దగ్గరే రాసిపెడుతుంటారు.

ఒక లెక్క వేసి చూస్తే

కింది అంకెలు ఏ ఊరివీ కావు, తీరు అర్థం కావడానికి వేసుకున్నవి. మూడు రోజుల్లో 700 మంది వచ్చారనుకుందాం. తలా సగటున 3 పౌండ్లు పెట్టెలో వేస్తే 2,100. అయిదువందల మంది టీ, కేకులకు 6 పౌండ్ల చొప్పున ఖర్చుపెడితే 3,000. ముప్ఫై అలంకరణలకు ఒక్కొక్కదానికి 40 పౌండ్ల చొప్పున, తమవారి జ్ఞాపకార్థమో, తమ దుకాణం పేరుతోనో దాతలు ముందుకొస్తే 1,200. లక్కీ డ్రా చీటీలు, మొక్కల అమ్మకం కలిసి 700. మొత్తం రాబడి 7,000 పౌండ్లు. పూలు, సామగ్రి, టీ సరుకులు, అచ్చు ఖర్చులకు 2,000 పోతే మిగిలేది 5,000.

టికెట్టుకు బదులు పెట్టె ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ వస్తుంది. ప్రవేశ రుసుము సరుకు కొన్న ధర లాంటిది. స్వచ్ఛందంగా వేసినది విరాళం. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను కట్టేవారు విరాళం ఇచ్చి పత్రం నింపితే, ప్రతి పౌండుకూ ప్రభుత్వం 25 పెన్నీలు ఆ ధార్మిక సంస్థకు కలుపుతుంది. పత్రం లేకుండా పెట్టెలో పడే 30 పౌండ్లలోపు చిన్న మొత్తాలకు కూడా ఏడాదికి 8,000 పౌండ్ల విరాళాల వరకు అదే నిష్పత్తిలో కోరుకునే వేరే పథకం ఉంది. మన లెక్కలోని 2,100కు అలా 525 అదనంగా వస్తుంది. అదే టికెట్టు అమ్మి ఉంటే మామూలుగా అది రాదు.

ఇప్పుడు పైకప్పు సంగతి. ఉత్తరం వైపు సీసపు రేకులు మార్చడానికి 1,50,000 పౌండ్లు అంచనా వేశారనుకుందాం. మరమ్మతుల మీద 20 శాతం వ్యాట్ ఉంటుంది గనుక మరో 30,000 కలిసి బిల్లు 1,80,000 అవుతుంది. రక్షిత ఆరాధనాస్థలాలు కట్టిన ఈ వ్యాట్‌ను గ్రాంటుగా తిరిగి ఇచ్చే పథకాన్ని ప్రభుత్వం 2001లో ప్రవేశపెట్టింది. 2025 జనవరిలో ఆ పథకాన్ని మరో ఏడాది పొడిగిస్తూనే, ఒక్కొక్క స్థలానికి ఏడాదికి 25,000 పౌండ్లు మించకూడదని పరిమితి పెట్టింది. ఆ పరిమితి వర్తించిన 2025-26లో ఈ పని చేయించి ఉంటే మన ఊహా చర్చికి వ్యాట్‌లోనే 5,000 లోటు పడేది. నెలల తరబడి ప్లాన్ చేసి, వారం రోజులు పూలు గుచ్చి, మూడు రోజులు టీ పోసి సంపాదించిన 5,000 ఆ లోటుకు సరిపోయేది. అసలు లక్షన్నర అలాగే ఉండేది. దానికి ట్రస్టుల గ్రాంట్లు, జాతీయ లాటరీ డబ్బుతో నడిచే వారసత్వ నిధి, వీలునామాల్లో రాసి వెళ్లినవారి సొమ్ము వెతకాలి.

అలాగని పండుగ దండగ అనలేం. గ్రాంటు ఇచ్చే సంస్థలు, ఊరివాళ్లు తమవంతుగా ఏం పోగుచేశారని తప్పకుండా అడుగుతాయి. ఊరికి ఈ కట్టడం కావాలనడానికి, వచ్చిన ఏడువందల మందే రుజువు.

లోపల జరిగే పని

పని గురువారమే మొదలవుతుంది. తెల్లవారుజామున హోల్‌సేల్ దుకాణం నుంచి వచ్చిన పెట్టెలు విప్పి, కాడల చివర్లు ఏటవాలుగా కోసి, బకెట్ల నీళ్లలో రాత్రంతా ఉంచుతారు. కాడలు ముందే కడుపునిండా నీరు తాగితేనే పూలు మూడు రోజులు తలెత్తుకుని నిలుస్తాయి. లిల్లీలు విచ్చుకుంటున్నకొద్దీ ఒకరు కాగితపు రుమాలుతో కేసరాలను ఒక్కొక్కటిగా లాగేస్తూ తిరుగుతారు. ఆ నారింజరంగు పుప్పొడి బలిపీఠపు వస్త్రం మీద రాలితే మరక వదలదు, తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకుతుంది. వృద్ధురాలైన అలంకరణకర్త కొత్తగా చేరిన అమ్మాయికి మొదట నేర్పేది పూలు గుచ్చడం కాదు, ఈ కేసరాలు తీయడమే.

ఎవరికి ఏ చోటన్నది ఊళ్లో సున్నితమైన వ్యవహారం. బలిపీఠం, ప్రసంగ వేదిక, జ్ఞానస్నాన తొట్టి పెద్ద చేతులకు వెళతాయి. కిటికీ గట్లు, బెంచీల అంచులు బడిపిల్లలకు, తోటపని సంఘానికి, మహిళా సమాఖ్యకు పంచుతారు. చర్చికి రానివాళ్లు కూడా కిటికీ గట్టు ఒప్పుకుంటారు. గోడకు శాశ్వతంగా ఏదైనా బిగించాలంటే డయోసిస్ న్యాయాధికారి అనుమతి కావలసి వస్తుంది గనుక, మేకులు కొట్టకుండా ఉన్న కొక్కేలకు, స్తంభాలకు తీగ చుట్టి వేలాడదీస్తారు. రాతి గట్టు మీద నీటి గిన్నె కింద ప్లాస్టిక్ పరచడం కూడా అలంకరణలో భాగమే. ఆరువందల ఏళ్ల రాయికి తడి మంచిది కాదు.

ఆకుపచ్చ ఇటుక మీద తగవు

ఈ మధ్య వివాదం పూల మీద కాదు, పూలు గుచ్చే ఫోమ్ మీద. మన పెళ్లిమండపాల అలంకరణలోనూ వాడే ఆకుపచ్చ ఇటుక అది. అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ 1954లో దీన్ని తయారుచేశారు. నీళ్లలో వేస్తే నిండా పీల్చుకుని, కాడను ఏ కోణంలో గుచ్చితే ఆ కోణంలో పట్టుకుంటుంది. ఇది రాకముందు బకెట్లో ముడిచిపెట్టిన కోళ్ల జాలీ, సూదుల పీట, నాచు ఉపయోగించేవారు.

ఇబ్బంది ఏమిటంటే ఈ ఫోమ్ ప్లాస్టిక్. వాడాక పొడిపొడిగా రాలి, బకెట్ నీళ్లతో పాటు కాలువలో కలుస్తుంది. దీని రేణువులను జలచరాలు మింగుతున్నాయని, వాటిలోంచి ఊరే రసాయనాలు హానికరమని ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దీన్ని నిషేధించింది. 2023లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన పట్టాభిషేకానికి షేన్ కానలీ నేతృత్వంలో ఫోమ్ లేకుండా, బ్రిటన్‌లో పండిన పూలతోనే అలంకరణ చేశారు.

ఇది విన్న పల్లె అలంకరణకర్తలు ఒకే తీరుగా స్పందించలేదు. సృష్టిని కాపాడమని ప్రసంగించే వేదిక కిందే ప్లాస్టిక్ పెట్టడం ఏమిటని కొందరు జాలీలకు మారారు. నడుము వంగని డెబ్బై ఏళ్ల వయసులో నిచ్చెనెక్కి బరువైన నీటి గిన్నెను స్తంభం మీద నిలబెట్టడం మా వల్ల కాదని, ఫోమ్ వద్దంటే పండుగే వద్దన్నట్టని మరికొందరు అంటారు. రెండో వాదనను మొండితనమని కొట్టేయడం సులువు గాని, పని చేస్తున్నది వాళ్లే. తయారీదారులు త్వరగా కుళ్లిపోయే రకాలు తెచ్చామంటున్నారు, అవి కూడా పూర్తిగా మాయం కావడానికి అనువైన పరిస్థితులు అవసరమని విమర్శకులు గుర్తుచేస్తారు. నా మటుకు కిటికీ గట్ల మీద ఫోమ్‌కు కారణమే కనిపించదు, అక్కడ జామ్ సీసాలో నాలుగు కాడలు చాలు. ఎత్తైన స్టాండ్ల దగ్గరే అసలు చిక్కు.

పూలు చర్చిని చూపిస్తాయా, కప్పేస్తాయా?

శిల్పం కోసం, పాత గాజు కోసం వచ్చేవారికి పూల పండుగ ఒక్కోసారి విసుగు. నేలమీద పొదిగిన మధ్యయుగపు ఇత్తడి పలక మీద కుండీ ఉంటుంది, సమాధి బొమ్మ ముఖం డెల్ఫీనియంల వెనక దాగుతుంది. ఆరాధనాస్థలం అంగడిలా మారిందని బాధపడే విశ్వాసులూ ఉన్నారు, పల్లె గురువుల్లోనూ ఆ మాట వినిపిస్తుంది. ఏడాదంతా ఖాళీగా ఉండే బెంచీలు మూడు రోజులు నిండితే అది సంఘం పెరిగినట్టు కాదని వారి వాదన.

దీనికి ఎదురుగా నిలిచే మాట కూడా బలమైనదే. చాలా పల్లె చర్చిలు మామూలు రోజుల్లో తాళం వేసి ఉంటాయి, లేదా తెరిచి ఉన్నా లోపలికి వెళ్లడానికి కొత్తవారు మొహమాటపడతారు. పూల పండుగనాడు తలుపు దగ్గర మనిషి నిలబడి రమ్మంటాడు. మన లెక్కలోని ఏడువందల మందిలో చాలామంది ఆ గోడలను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి అయినా ఆశ్చర్యం లేదు. తెలివైన అలంకరణకర్త సమాధి బొమ్మను కప్పదు, దాని పాదాల దగ్గరున్న రాతి కుక్కపిల్ల పక్కన ఒక చిన్న గుత్తి పెట్టి, చూపు అటు తిరిగేలా చేస్తుంది. రెండు వాదనల మధ్య తేడా చాలాసార్లు కుండీని ఒక మూర పక్కకు జరపడంలోనే ఉంటుంది.

సోమవారం సాయంత్రం కీర్తనల కూడిక అయ్యాక విప్పడం మొదలవుతుంది. ఇంకా వాడని పూలు జామ్ సీసాల్లోకి మారి వృద్ధాశ్రమానికి, కొన్ని బయటి సమాధుల దగ్గరికి వెళతాయి. జాలీలు కడిగి గంటల గోపురం కింద కొక్కేనికి తగిలిస్తారు, ఫోమ్ ముక్కలు చెత్తబుట్టలో పడతాయి. కోశాధికారి వంటగది బల్లమీద చిల్లర కుప్పలుగా పేర్చి లెక్కపెట్టి, పద్దుల పుస్తకంలో పూల పండుగ పేరుతో ఒక వరుస రాస్తాడు. అదే పుస్తకంలో మడిచిపెట్టి ఉన్న ఆర్కిటెక్టు నివేదికలో, ఉత్తరం వైపు సీసపు రేకుల దగ్గర వెంటనే చేయాలి అని రాసి ఉంటుంది.